మామయ్య జాజ్ బేస్: నిజంగా 62దేనా? వెనక పికప్ అసలుదేనా?

లోస్వరం:

మా మామయ్య వాయించిన ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ (బేస్ గిటార్) ఈమధ్య నా చేతికొచ్చింది. నేను ఐదు తీగల కొత్త బేస్ వాయిస్తాను. పాతవాటి గురించి చదవడమే గానీ ముట్టుకున్నది లేదు. మామయ్య ఉన్నన్నాళ్లూ దీన్ని "అరవై రెండు మోడల్" (1962లో తయారైంది) అనేవాడు. ఎవరైనా అనుమానంగా చూస్తే మూతి ముడుచుకునేవాడు. 1978లో ఇంకో వాయిద్యకారుడి దగ్గర కొన్నాడట, అప్పటికే బాగా వాడినది. కాగితం ముక్క కూడా లేదు.

కంటికి కనిపించేవి చెప్తాను. సన్‌బర్స్ట్ రంగు, అంచుల్లో నలుపు, మధ్యలో పసుపు. రెంటి నడుమ ఎరుపు సగానికి సగం వెలిసిపోయింది. తాబేటిచిప్ప రంగు పిక్‌గార్డు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు, దాని అంచున తెల్ల బైండింగ్, ఫ్రెట్ల మధ్య ముత్యపు రంగు పలకలు (చుక్కలు కాదు). నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు 38 మిల్లీమీటర్లు. ట్యూనింగ్ కీల చెవులు కోలగా ఉన్నాయి. నెక్ ప్లేటు మీద పెద్ద ఎఫ్ అక్షరం, 2తో మొదలయ్యే ఆరంకెల నంబరు. నాబులు మూడు. బొటనవేలు ఆన్చే కడ్డీ ఇ తీగ వైపు ఉంది. జి తీగ వైపు రెండు పూడ్చిన బెజ్జాలు కనిపిస్తున్నాయి.

నాబుల ప్లేటు ఎత్తి చూశాను. రెండు పాట్‌ల (నాబు కింద ఉండి శబ్దాన్ని పెంచి తగ్గించే భాగాలు) వెనక 13766 అని ఉంది, తర్వాతి రెండంకెలు సోల్డర్ కింద పడిపోయాయి. మూడోది వెనక పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) వాల్యూమ్‌ది, దాని మీద 1378022. ముందు పికప్ వైర్లకు గుడ్డ తొడుగు, వెనకదాని వైర్లకు ప్లాస్టిక్.

అసలు బాధ శబ్దంతో. ఏ పికప్ ఒక్కదాన్నే తెరిచినా బాగా పలుకుతుంది. రెండూ పూర్తిగా తెరిస్తే మంద్రం మొత్తం పోయి, జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. హమ్ (గుయ్‌మనే మోత) కూడా పెరుగుతోంది. ఇంతకీ ఇది ఏ సంవత్సరానిది? వెనక పికప్ ఎవరైనా మార్చేశారా?

నాలుగోతీగ:

పాట్‌ల మీదే రాసి ఉంది కదండీ. 137 అంటే పాట్‌లు చేసే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966. కాబట్టి బేస్ 66ది. వెనక పికప్ మార్చారని ఆ ప్లాస్టిక్ వైరే చెప్తోంది. ఆ కాలం తరహాలో చుట్టిన కొత్త పికప్ ఒకటి వేయించేస్తే శబ్దం సంగతి కూడా తేలిపోతుంది.

టంకంపొగ:

137 సీటీఎస్ అన్నంతవరకు సరే. ఆ తర్వాత చెప్పినదానికి తొందరపడొద్దు, ముఖ్యంగా పికప్ కొనే విషయంలో. నా రోజంతా ఇలాంటి పొట్టలు విప్పుకుంటూనే గడుస్తుంది గనక కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండమ్మా.

ముందు మామయ్యగారి 62 సంగతి. జాజ్ బేస్ 1960లో వచ్చింది. మొదటి రెండేళ్లవాటికి ఒకదాని మీద ఒకటి కూర్చున్న జంట నాబులు ఉండేవి, మూడు నాబుల ఏర్పాటు ఆ తర్వాతిది. నాబులు ఎన్నున్నా 62 నాటి ఫ్రెట్‌బోర్డు మీద ఉండేవి చుక్కలే, అంచుకు బైండింగ్ ఉండేది కాదు. బైండింగ్ 65-66 ప్రాంతంలో వచ్చింది, పలకలు 66లో వచ్చాయి. ఎఫ్ అక్షరం ప్లేటు కూడా ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొన్న తర్వాత మొదలైనదే. అంటే మీ బేస్ 62ది కావడానికి వీల్లేదు. మామయ్యగారు అబద్ధం చెప్పారనుకోకండి. ఆయనకు అమ్మినవాడు అలా చెప్పి ఉంటాడు. పేరుమోసిన బేస్ వాయిద్యకారుల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన ప్రెసిషన్ (ఫెండర్‌దే ఇంకో బేస్ మోడల్) 62ది, జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు పీకేసిన జాజ్ బేస్ కూడా 62దే. దాంతో అమ్మేవాళ్ల నోట ప్రతి పాత బేసూ 62దే అయిపోతుంది.

ఇక 66 ఎందుకు కాదు అంటే, ఏ భాగం మీది తేదీ అయినా "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెప్తుంది. పాట్ 66లో తయారైతే బేస్ 66కు ముందుది కాదు, అంతే. ఫెండర్ ఆ ఏడాది పాట్‌లు కుప్పలుగా తెప్పించి నిలవ పెట్టుకుంది. 67, 68, 69 వాయిద్యాల్లో కూడా ఆ 66 పాట్‌లే కనిపిస్తుంటాయి. వీటిని నమ్మి తేదీ కట్టేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు (నాలుగోతీగ గారూ, మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు).

ఆ మూడో పాట్ ఇంకా మంచి సాక్షి. 1378022 అంటే సీటీఎస్, 1980, 22వ వారం. మామయ్యగారు కొన్నది 78లో. అంటే ఆ పాట్ ఆయన చేతిలో ఉండగానే పడింది, ఆ రిపేరు ఆయనే చేయించారు. ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో అడగండి.

నెక్ ప్లేటు మీది నంబరు 67-68 ప్రాంతానిది. కానీ ఆ నంబర్లు వరసలో వాడినవి కావు. ప్లేట్లు డబ్బాలో పడి ఉండేవి, చేతికి ఏది తగిలితే అది బిగించేవారు. పైగా నాలుగు స్క్రూలు విప్పితే ప్లేటు మారిపోతుంది. నా మటుకు నేను దాన్ని అన్నిటికన్నా చివర నమ్ముతాను. హెడ్‌స్టాక్ మీది లోగోను అసలు నమ్మను, అది అతికించే కాగితమే కదా.

అసలు తేదీ నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) మీద ఉంటుంది. తీగలు పూర్తిగా వదులు చేసి, నెక్‌ను ఒక చేత్తో పట్టుకుని, నాలుగు స్క్రూలూ కొంచెం కొంచెంగా తిప్పుతూ తీయండి. ఒక స్క్రూ మొత్తం తీసి ఇంకోదానికి వెళ్లొద్దు. మడమ చివర సిరా ముద్ర ఉండాలి: మొదట ఒక అంకె, తర్వాత నెల, సంవత్సరం, చివర ఒక అక్షరం. ఆ కాలంలో జాజ్ బేస్ అంకె 7. చివరి అక్షరం నట్ వెడల్పుది: ఎ అయితే 38 మిల్లీమీటర్లు, సి అయితే 44. మీరు కొలిచిన 38కి ఎ రావాలి. అది నెక్ తయారైన తేదీ అని మరిచిపోకండి. బాడీతో కలిసింది ఆ తర్వాతే, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు.

నెక్ బయట ఉన్నప్పుడే అది కూర్చునే గాడి అడుగు చూడండి. రంగు కొట్టేటప్పుడు బాడీని పట్టుకోవడానికి అక్కడ ఒక కర్ర బిగించేవారు. ఆ కర్ర కింద రంగు పడదు గనక బద్ద వెడల్పున చెక్క అలాగే మిగిలిపోతుంది. తర్వాత ఎప్పుడో మళ్లీ రంగు వేసిన బాడీలో ఈ గుర్తు సాధారణంగా ఉండదు, లేదా దాని మీద కూడా కొత్త రంగు తుంపర పడి ఉంటుంది. సన్‌బర్స్ట్ అసలుదా కాదా అనేది ముందువైపు మెరుపు చూసి కాదు, ఇక్కడ చూసి చెప్పాలి. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పాత నైట్రో లక్కర్ (ఆ కాలపు మెరుగు పూత) మీద తర్వాత చేసిన అతుకులు వేరే రంగులో బయటపడతాయి. అది కూడా చూడండి.

బాడీ, నెక్ ఒకే కాలానివేనా అన్నదానికి స్కేలు చాలు. ముందు పికప్ నడిమి నుంచి వెనక పికప్ నడిమికి కొలవండి. 60ల బాడీకి 3.6 అంగుళాలు వస్తుంది. డెబ్బైల మొదట్లో వెనక పికప్‌ను బ్రిడ్జి వైపు జరిపారు, అప్పట్నుంచి 4 అంగుళాలు. పాత నెక్ తెచ్చి తర్వాతి బాడీకి తగిలించిన సరుకు ఇక్కడే దొరికిపోతుంది.

మళ్లీ బిగించేటప్పుడు స్క్రూ బెజ్జంలో పెట్టి ముందు వెనక్కి తిప్పండి. మర పాత గాట్లో పడ్డప్పుడు టక్కుమని చిన్న కుదుపు వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పండి. నేరుగా బిగిస్తే ప్రతిసారీ కొత్త గాడి పడి, కొన్నాళ్లకు చెక్క పొడైపోతుంది.

ఇప్పుడు పికప్. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లకూ అయస్కాంతాలు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి, తీగ చుట్టిన దిశ కూడా తిరగేసే ఉంటుంది. రెండు తిరగేతలు కలిస్తే తీగల శబ్దం జతకూడుతుంది, హమ్ మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచినప్పుడు మంచి జాజ్ బేస్ నిశ్శబ్దంగా ఉండేది అందుకే. వేరే వాయిద్యంలోంచి తీసిన పికప్‌ను గుడ్డిగా తెచ్చి పెడితే ఎక్కువగా జరిగేది ఏమిటంటే, అయస్కాంతం, చుట్టు రెండూ ముందుదానిలాగే ఉండి, శబ్దం నిండుగానే వస్తుంది, హమ్ మాత్రం పోదు. మీరు చెప్పింది అది కాదు. మంద్రం పోతోంది, హమ్ కూడా పెరుగుతోంది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే అయస్కాంతాలు సరైన దిశలో ఉండి, వైర్లు తిరగబడి ఉండాలి. లేదా చుట్టు తిరగబడి ఉండాలి.

దీనికి ఏమీ విప్పక్కర్లేదు. చిన్న దిక్సూచి తెచ్చి తీగల కిందుగా ముందు పికప్ అయస్కాంతపు మొనల పైన పట్టుకోండి, ముల్లులో ఏ కొస దానివైపు తిరిగిందో చూడండి. తర్వాత వెనక పికప్ మీద పట్టుకోండి. ముల్లు ఇంకో కొసను చూపిస్తే నా అనుమానం నిజం. ఆ తర్వాత వెనక పికప్‌ను జాగ్రత్తగా ఎత్తి అడుగున పలక రంగు చూడండి. 64 తర్వాతి ఫెండర్ పికప్‌లకు అడుగు బూడిద రంగులో ఉంటుంది. ముందుదానితో పోల్చండి. మల్టీమీటర్ ఉంటే కొలవండి, 7-8 కిలో ఓంల దగ్గర రావాలి.

ఏదీ తుడవద్దు. గాడిలో దుమ్ము, పాట్‌ల మీద పాత సోల్డర్ మసక, స్క్రూల తుప్పు, అన్నీ అలాగే ఉండనివ్వండి. ఆ సోల్డర్ కింది అంకెల కోసం దాన్ని కరిగించొద్దు, పక్కనుంచి లైటు వేసి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలాసార్లు సగం అంకె కనిపిస్తుంది.

పాతరికార్డు:

టంకంపొగ గారు వస్తువు చరిత్ర చెప్పారు. నేను అది తిరిగిన దారి గురించి రెండు ముక్కలు రాస్తాను, నాకు ఆసక్తి అక్కడే.

పాత బేసుల్ని గుర్తుపట్టేది ఎక్కువగా గాయాలను బట్టి. బీటిల్స్ బృందం పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ బేస్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది. అది మళ్లీ ఆయన చేతికొచ్చిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. చివరికి అది ఒక ఇంటి అటక మీద దొరికింది. 1964లోనే దానికి రంగు మళ్లీ వేశారు, పికప్‌ల అమరిక మార్చారు. ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉన్న హాఫ్‌నర్‌లు ఇంకా బోలెడు, ఆ మార్పులతో ఉన్నది మాత్రం అదొక్కటే. పైన చెప్పిన జాకో బేస్ కూడా ముక్కలైపోతే అతికించారు. 1986లో దొంగతనానికి గురై, చాలా ఏళ్లకు బయటపడింది. అతికిన చోట్లు అలాంటి బేస్‌కు సంతకం లెక్క. జేమర్సన్‌ది 1983లో ఆయన పోవడానికి కొద్దిగా ముందు పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

మీ ఇంట్లో పాత ఫొటోలు తీయండి. తాబేటిచిప్ప పిక్‌గార్డు మీద ఎర్రటి మరకల అల్లిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. నలుపు-తెలుపు ఫొటోలో కూడా ఆ ముదురు-లేత మచ్చలు పోల్చుకోవచ్చు. ఆ కడ్డీ ఎటువైపు ఉందో చూడండి. ఫెండర్ 1974 ప్రాంతం దాకా దాన్ని జి తీగ వైపే బిగించేది. మీరు చెప్పిన పూడ్చిన బెజ్జాలు దాని పాత చోటే. ఎవరు, ఎప్పుడు జరిపారో ఫొటోలే చెప్పాలి.

లోస్వరం:

అందరికీ ధన్యవాదాలు. నెక్ విప్పే ముందు చేతులు వణికాయి గానీ మీరు చెప్పినట్టే చేశాను.

మడమ మీద ముద్ర ఉంది, కొంచెం అలుక్కుపోయింది: 7, నవంబర్, 67, ఎ. గాడి అడుగున బద్ద వెడల్పు చెక్క రంగు లేకుండా ఉంది. దాని అంచున పసుపు రంగు గీత గీసినట్టు ఆగిపోయింది. టార్చి వేస్తే ఒక్కచోటే తేడా: కింది అంచున అరచేయంత మేర, అక్కడ ఎవరో మెరుగు పూసినట్టున్నారు. పికప్‌ల మధ్య దూరం 3.6 అంగుళాలే.

దిక్సూచి ముల్లు రెండు పికప్‌ల మీద రెండు వేర్వేరు కొసలు చూపించింది! మా అమ్మ పక్కనే ఉంది, "ఇదేం వాస్తు చూడటమే" అంది. వెనక పికప్ ఎత్తితే అడుగు బూడిద రంగే, ముందుదానికి కవల. కానీ దాని మీద పెన్సిల్‌తో "ఆర్ డబ్ల్యూ 3 81" అని రాసి ఉంది. ముందుది 7.4 కిలో ఓంలు, వెనకది 8.1. పికప్ కింద ఇత్తడి రేకు ఒకటి ఉంది, దానికి నల్ల వైరు వేరుగా వచ్చి పాట్ వెనక అతికింది.

అమ్మకు గుర్తొచ్చింది: ఒక కచేరీ మధ్యలో బేస్ సగం మూగబోయిందని, మామయ్య చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని. సంవత్సరం తనకు తెలియదు. ఫొటో కూడా దొరికింది, వెనక 1979 అని మామయ్య రాతే. పిక్‌గార్డు పై కొమ్ము దగ్గర పొడవాటి నల్ల మచ్చ ఇప్పటిదానితో సరిగ్గా కలిసింది. అందులో కడ్డీ జి తీగ వైపే ఉంది. అంటే జరిపింది మామయ్యేనా?

నాలుగోతీగ:

భలే. 66 మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక డౌటు: ఇప్పుడు వైర్లు తిరగేసి అతికిస్తే పాతతనం పాడైనట్టు కాదా?

టంకంపొగ:

కాదండీ. అక్కడి సోల్డర్ 81దే. ముందు పికప్ అతుకుల జోలికి, ఆ 66 పాట్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

అమ్మా, మీ పికప్ మార్చింది కాదు, అసలుదే. తీగ తెగితే 81 మార్చిలో మళ్లీ చుట్టారు. "ఆర్ డబ్ల్యూ" అంటే మా పనిలో రీవైండ్ అని రాసుకునేదే. 80 నాటి పాట్ కూడా ఆ రోజునే పడి ఉంటుంది, రెండూ సరిగ్గా కలుస్తున్నాయి. చుట్టినాయన ముందు పికప్ దిశలోనే చుట్టాడు, లేదా కొసలు తారుమారు చేసి అతికించాడు. బయట నుంచి తేడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు, రెంటికీ మందు ఒకటే. ఒక్క పికప్‌తో పరీక్షించి ఇచ్చేసి ఉంటాడు, ఒక్కటే తెరిస్తే బాగానే పలుకుతుంది కదా మరి. మామయ్యగారు తర్వాత రెండూ కలిపి వాయించకుండా ఏదో ఒకదానితోనే నెట్టుకొచ్చారేమో. వెనక పికప్ నాబ్ కన్నా ముందుదాని నాబ్ అంచు ఎక్కువ అరిగిందా చూడండి, నాకు ఊరికే కుతూహలం.

ఇత్తడి రేకు వైరు విడిగా ఉంది గనక పని తేలిక. వెనక పికప్ రెండు వైర్లనూ పాట్ దగ్గర విడదీసి, వేడి కొసకు (శబ్ద సంకేతం వెళ్లే కొస) వెళ్లేదాన్ని ఎర్త్‌కు, ఎర్త్‌ది వేడి కొసకు మార్చండి. రేకు వైరును కదపొద్దు. మీకు అలవాటు లేకపోతే పక్కన కూర్చుని ఎవరిచేతనైనా చేయించండి, రెండు నిమిషాల పని. మంద్రం తిరిగొస్తుంది, హమ్ దాదాపుగా పోతుంది. పూర్తిగా పోదు, 7.4కూ 8.1కూ ఉన్న తేడా కొద్దిగా మిగులుతుంది. దాని కోసం మళ్లీ చుట్టించాలనుకోకండి.

తేదీ విషయానికొస్తే, నెక్ 67 నవంబరుది. బేస్ మొత్తంగా 67 చివరనో 68 మొదట్లోనో ఫ్యాక్టరీ దాటింది. బాడీ, రంగు, నెక్, రెండు పాట్‌లు, రెండు పికప్‌లూ దానివే. కోల చెవుల కీలు కూడా ఆ కాలానివే. కింది అంచున అతుకు, ఒక పాట్, ఒక చుట్టు, జరిపిన కడ్డీ తర్వాతివి.

కడ్డీ జరిపింది 79 తర్వాత గనక మామయ్యగారే జరిపి ఉండాలి. 80ల ఫొటో ఒకటి దొరికితే చూడండి, అందులో కుడి బొటనవేలు ఎక్కడ ఆనిందో తెలిస్తే ఆ మాట రూఢి అయిపోతుంది. ఈలోగా ఆ పెన్సిల్ రాతను ఫొటో తీసి పెట్టుకోండి. పికప్ మళ్లీ దింపేటప్పుడు కింద కొత్త స్పాంజి వేయకండి, దాని జిగురు రాతను తినేస్తుంది.